మా ఇంటి వరసలు

బడిలో బోరు మోటరు కాలిపోయిందని కబురొస్తే స్కూటరు మీద సామాన్లు వేసుకుని వెళ్ళాను. గుమ్మఘట్టలో నాకు మోటర్ల వైండింగు షాపు ఉంది. కాలిపోయిన మోటరులో పాత రాగితీగ పీకేసి కొత్తది చుట్టి ఇవ్వడం నా పని. మా సీమలో నీళ్ళు ఎంత లోతుకు పోతే నా చేతికి అంత పని. వేసవి వచ్చిందంటే షాపు ముందు మోటర్లు ఆసుపత్రి వరండాలో రోగుల్లా పడి ఉంటాయి.

స్టార్టరు డబ్బా విప్పుతుంటే వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"మూడో తరగతి పిల్లోని నాయన మీరేనా?"

తిరిగి చూస్తే మా వాడి క్లాసు టీచరు. చేతిలో సుద్దముక్క అలాగే ఉంది.

"అవును మేడం. ఏమన్నా చేసినాడా?"

"ఏమీ చెయ్యడు. అదే నా బాధ. మాట్లాడడు, అల్లరి చెయ్యడు, ఎవురితోనూ కొట్లాడడు. ఈ వయసులో పిల్లోడు కొట్లాడకుంటే ఎట్లప్పా?"

"వానికి తల్లి లేదు మేడం. చిన్నప్పుడే పోయింది."

"తెలుసు. మా పాపకు నాయన లేడు. అది మాత్రం ఇంటిల్లిపాదితో కొట్లాడతాది," అంది. అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అంత దుఃఖం మధ్యలో అలా నవ్వొచ్చే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత నేను ఏమీ చేయలేదు. చేసినదంతా ఒక ముసలావిడ.

ఒకరోజు షాపుకు ఒక అవ్వ వచ్చింది. సన్నగా, నిటారుగా, నుదుట బొట్టు లేకుండా, చంకలో మిక్సీ పెట్టుకుని వచ్చింది. "ఏమప్పా, ఇది తిరగడం ల్యా, చూడు," అని నా ముందు పెట్టి స్టూలు లాక్కుని కూర్చుంది. నేను మిక్సీ విప్పుతున్నంతసేపూ ఆమె నన్ను విప్పింది. తాగుతావా? బీడీ కాలుస్తావా? మీ నాయన ఏం చేస్తాడు? ఇల్లు సొంతమా? నీళ్ళకు కష్టమా? పిల్లోనికి అన్నం ఎవరు వండుతారు? కోర్టు బోనులో ఉన్నట్టు అన్నిటికీ జవాబు చెప్పాను. మిక్సీలో ఏ లోపమూ కనిపించలేదు. ప్లగ్గు పెట్టి నొక్కితే గిర్రున తిరిగింది.

"బాగానే ఉండాది కదవ్వా."

"బాగానే ఉంటాది. నిన్ను చూడాలని తెచ్చినా," అంది ఆమె. "బడిలో మూడో తరగతి చెప్పే టీచరు నా కోడలు. నా కొడుకు లారీ యాక్సిడెంట్లో పోయినాడు. ఆయమ్మికి ఇంగా శానా వయసుండాది. నన్ను చూసుకుంటా అట్లే ఉండిపోతాంటే నా కడుపు కాలతాంది. చేసుకుంటావా?"

నా చేతిలో స్క్రూడ్రైవరు కిందపడింది. పక్క షాపులో బట్టలు కుట్టే భాయి మిషను ఆపేసి మరీ వింటున్నాడు.

"ఆయమ్మను అడిగినావా అవ్వా?"

"నువ్వు ఊ అంటే అడుగుతా. ఒక మాట. నేనూ వస్తా. తమ్ముడుండాడు గానీ వాని సంసారం వానిది. కోడలు యాడుంటే నేనాడ."

ఇంటికొచ్చి మా నాయనకు చెప్పాను. ఆయన జీవితమంతా గొర్రెలు కాసిన మనిషి. ఇప్పుడు కాళ్ళు సహకరించక పెరట్లో నాలుగైదు గొర్రెలను మాత్రం పెట్టుకుని వాటితోనే మాట్లాడుతూ ఉంటాడు. అంతా విని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అత్తే కోడలికి పెండ్లి చేస్తాందా?"

"అవును నాయనా."

"అట్లయితే ఆ అత్త మంచిది. అత్త మంచిదయితే కోడలు గూడా మంచిదే అయ్యుంటాది. చేసుకో," అన్నాడు.

అంతకుమించి మా పెళ్ళికి పెద్ద కథ లేదు. బంధువుల్లో కొందరు మూతి విరిచారు, కొందరు వచ్చి తిని వెళ్ళారు. టీచరు ఒకటే అడిగింది. "మా అత్తను మీ ఇంట్లో ఎవురన్నా ఒక మాటంటే నేను ఊరుకోను. సరేనా?" సరేనన్నాను. ఆ షరతు నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఆ అవ్వను ఒక మాట అనే ధైర్యం మా మండలంలో ఎవరికీ లేదు.

సామాన్లు ట్రాక్టరులో వచ్చాయి. మా ఇంట్లో అన్నీ రెండేసి అయ్యాయి. రెండు టీవీలు, రెండు గ్యాసు పొయ్యిలు, రెండు మిక్సీలు. స్నానాలగది మాత్రం ఒకటే. పొద్దున ఆరింటికి దాని ముందు తువాళ్ళు భుజాన వేసుకుని అందరం నిలబడేవాళ్ళం. టీచరుకు బడి, ఇద్దరు పిల్లలకు బడి, నాకు షాపు. ఏ బడీ లేని మా నాయన అందరికంటే ముందు లోపలికి దూరి, నింపాదిగా పాట పాడుకుంటూ స్నానం చేసేవాడు.

"ఏమప్పా, నీకేం ఆఫీసుందని?" అని అవ్వ బయట నుంచి అరిచేది.

మా నాయన లోపలి నుంచి కన్నడంలో ఏదో అనేవాడు. మాది సరిహద్దు, కన్నడం మా నోట్లో ఉప్పులా కలిసిపోయి ఉంటుంది. అవ్వది నల్లమాడ దగ్గర పల్లె, ఆమెకు కన్నడం రాదు.

"చూడమ్మా, ఈయప్ప నన్ను కన్నడంలో తిడతాండాడు," అని కోడలికి ఫిర్యాదు చేసేది.

"తిట్టలేదవ్వా, అయిపోయింది వస్తాండానన్నాడు," అని నేను సర్దేవాణ్ణి. నిజానికి తిట్టేవాడే.

వాళ్ళిద్దరికీ ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలో తెలియలేదు. ఒకరికొకరు ఏ వరసా కారు. నా భార్య మొదటి భర్త తల్లి మా నాయనకు ఏమవుతుంది? దానికి మాట తెలుగులోనూ లేదు, కన్నడంలోనూ లేదు. కాబట్టి "ఏమప్పా", "ఏమ్మా" అంటూ బండి నడిపారు. టీవీ దగ్గర గొడవపడతారని, ఆయన కన్నడం వార్తలకు ఒకటి, ఆమె తెలుగు సీరియళ్ళకు ఒకటి, చెరో గదిలో పెట్టించాను. వారం తిరక్కుండా ఇద్దరూ ఒకే గదిలో చేరి, ఒకే టీవీ ముందు రిమోటు కోసం పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. రెండో టీవీకి దుమ్ము పట్టింది.

పిల్లల సంగతి ఇంతకంటే కష్టం. మా వాడు కొత్తగా వచ్చిన తల్లిని ఇంట్లో కూడా "మేడం" అనేవాడు. "మేడం, ఇంగొంచెం ఉగ్గాని పెడతారా?" అని పళ్ళెం చాపేవాడు. ఉగ్గాని అంటే బొరుగులు, అదే మరమరాలు, నానబెట్టి చేసే మా పొద్దుటి టిఫిను, దానికోసం వాడు ప్రాణమిస్తాడు. ఆటకు పోవాలంటే కుడిచేయి పైకెత్తి, "మేడం, బయటికి పోవచ్చునా?" అని అడిగేవాడు. హోంవర్కు చేయకపోతే ఆమెకు ఇంట్లో దొరికిపోతాడు, చేస్తే బడిలో మళ్ళీ ఆమే దిద్దుతుంది. వాడి బతుకులో తప్పించుకునే దారి లేదు. "అమ్మా అని పిలువురా," అని మా నాయన గద్దిస్తే ఆమె వద్దంది.

"పిలిచినప్పుడు పిలుస్తాడు. మేడం అంటే నాకేం తక్కువయింది? జీతం తీసుకుని మరీ అనిపించుకుంటాండా కదా!"

ఒక సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా వంటింట్లోకి పోయి పప్పు ఎనుపుతోంది. ఎంతకీ ఆపదు. పప్పు మెత్తగా నీళ్ళయిపోయింది. ఏమైందని అడిగితే వెనక్కి తిరక్కుండానే చెప్పింది. క్లాసులో ఎవడో మా వాడి పెన్సిలు లాక్కున్నాడట. మా వాడు లేచి నిలబడి, "అమ్మా, వీడు చూడమ్మా!" అన్నాడట. క్లాసంతా ఒక్కసారి గొల్లుమంది. ప్రతి పిల్లాడూ ఎప్పుడో ఒకసారి టీచరును పొరపాటున అమ్మా అంటాడు, అందరూ నవ్వుతారు. వీడు సిగ్గుతో బెంచీ కిందకి దూరి బెల్లు కొట్టేదాకా బయటికి రాలేదట.

"నువ్వేం చేసినావు?"

"ఏం చేస్తా? పెన్సిలు ఇప్పించినా. పిల్లోడు కొట్లాడినాడప్పా! నాతో చెప్పేముందు వాని చొక్కా పట్టుకుని లాగినాడు!" అంది. అప్పుడు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు.

కథల్లో అయితే ఆ రోజు నుంచి అమ్మా అనేస్తాడు. మా వాడు ఆ రాత్రి అన్నం దగ్గర మళ్ళీ "మేడం, నీళ్ళు" అన్నాడు. మెల్లగా మారాడు. ఇప్పుడు మామూలుగా అమ్మా అంటాడు. కోపం వస్తే మాత్రం "సరే మేడం" అని మూతి ముడుచుకుంటాడు. ఆ మేడం అన్న మాట వినబడితే ఇంట్లో అందరికీ వాడు అలిగాడని తెలిసిపోతుంది.

కూతురిది ఇంకో రకం. ఆ పిల్ల అప్పుడు తొమ్మిదో తరగతి. నన్ను ఏమనీ పిలిచేది కాదు. నేను కనిపించేంత దూరంలో నిలబడి గోడకు చెప్పినట్టు చెప్పేది. "అమ్మ అన్నానికి రమ్మంటాంది." "షాపు కాడ ఎవురో వచ్చినారంట." నేనూ తొందరపెట్టలేదు. ఏమని తొందరపెడతాను? వాళ్ళ నాన్నను ఎరిగిన పిల్ల. ఆయన భుజాల మీద ఎక్కి జాతర చూసిన పిల్ల.

ఒకసారి తనంతట తానే గోడతో అంది. "మోపెడ్ నేర్పిస్తే బడికి నేనే పోవచ్చు."

మా ఊరి బయట చెరువు ఉంది. నీళ్ళు లేని చెరువు. కొన్నేళ్ళుగా అది మా ఊరి క్రికెట్ మైదానం, బండ్లు నేర్చుకునే చోటు. ఆదివారం పొద్దున్నే అక్కడికి తీసుకెళ్ళాను. తను హ్యాండిలు పట్టుకుంది, నేను వెనక సీటు పట్టుకుని పరుగెత్తాను. నలభై దాటిన మనిషిని, లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుతుంటే గొర్రెల కాపర్లు కూడా ఆగి చూశారు. కాస్త నిలకడ వచ్చిందనిపించి చెయ్యి వదిలేశాను. అంతే, బండి దారి తప్పి నేరుగా తుమ్మకంపలోకి పోయింది. "నాయనో! నాయనో!" అని అరుస్తూ పడిపోయింది.

పరుగున వెళ్ళి లేపాను. మోచెయ్యి గీరుకుంది తప్ప ఏమీ కాలేదు. ముల్లు ఒకటి తీశాను. తను మళ్ళీ బండెక్కింది. మధ్యాహ్నానికి చెరువంతా చుట్టి వచ్చింది.

నాకు మాత్రం మనసు నిలవలేదు. ఆ నాయనో అన్నది నన్నా? దెబ్బ తగిలితే ఎవరైనా అనే నాయనోనా? మర్నాడు ఉండబట్టలేక పక్క షాపు భాయిని అడిగాను.

"భాయ్, పిల్ల కింద పడేటప్పుడు నాయనో అంటే ఏమని అర్థం?"

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ తాపీగా చెప్పాడు. "పడినానని అర్థం."

చాలా రోజులు అలాగే గడిచాయి. ఒక సాయంత్రం షాపులో గిరాకీలతో మాట్లాడుతున్నాను. బడి సంచి తగిలించుకుని మోపెడ్ మీద వచ్చి ఆగింది.

"నాయనా, ఇంటి తాళం యాడ పెట్టినావు?"

గోడ లేదు అక్కడ. నన్నే చూస్తూ అడిగింది. పడిపోలేదు, దెబ్బ తగల్లేదు. తాళం జేబులోనే ఉన్నా టేబులు సొరుగులో వెతకడం మొదలుపెట్టాను. తనకు అర్థమైంది. కాస్త చిరాకుగా, ఎవరికీ వినపడకుండా వివరించింది.

"నాన్న అంటే మా నాన్న. నువ్వు నాయన. తాతను నువ్వు పిలుస్తావు కదా, అట్ల. మా ఫ్రెండ్సు నవ్వుతారు పాతకాలం మాటని. నవ్వనీ. తాళమీ."

తాళం ఇచ్చాను. తను వెళ్ళిపోయాక భాయి మిషను ఆపి రెండు టీలు తెప్పించాడు.

మరుసటి ఏడాది ఇంకొకటి జరిగింది. నా భార్యకు నెల తప్పింది. ఆ వయసులో, ఇంట్లో పెద్దపిల్ల టెంతుకు వచ్చిన సమయంలో. మా ఇద్దరికీ సంతోషం ఎంతో, సిగ్గు అంత. పిల్లలకు ఎలా చెప్పాలో మెల్లగా ఆలోచించుకుందామనుకున్నాం. మేము ఆలోచిస్తుండగానే అవ్వ పాలు పోసే అతనికి చెప్పింది, నీళ్ళ కొళాయి దగ్గర చెప్పింది, ఉగ్గాని బండి దగ్గర చెప్పింది. సాయంత్రానికి షాపుకు మోటరు తెచ్చిన రైతు ఒకాయన, "శుభం అన్నా," అని చెయ్యి పట్టుకున్నాడు.

కూతురికి కోపమొచ్చింది. "నాకు పబ్లిక్ పరీక్షలు! చంటిబిడ్డ ఏడుస్తాంటే నేనెట్ల చదవల్ల?"

"నేను గొర్రెల దొడ్డిలో పెరిగినా. అవి అరుస్తానే ఉంటాయి. నాకేమయింది?" అన్నాడు మా నాయన.

"నువ్వు చదువుకోలేదు కదా తాతా!"

"అది గొర్రెల తప్పా?"

పిల్ల నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. పోయిందే గానీ వాళ్ళమ్మతో కొన్నాళ్ళు ముభావంగానే ఉంది. పరీక్షలు దగ్గరపడ్డాక, తనకు తెల్లవారుజామున టీ కావాలంటే వాళ్ళమ్మ బరువుగా లేవడం చూసి, తనే లేచి ఇద్దరికీ పెట్టడం మొదలుపెట్టింది. ఒకరోజు తలుపు సందులోంచి చూశాను. వంటింటి గట్టు మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఒకరి చేతిలో సైన్సు పుస్తకం. రెండోవారి పొట్ట మీద ఆ పిల్ల చెయ్యి. తన్నులు తగులుతున్నాయేమో, ఉండుండి ఇద్దరూ ఉలిక్కిపడి నవ్వుతున్నారు. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

పరీక్షలు అయిపోయాక పాప పుట్టింది. చెల్లెలికి ఆ మాత్రం మర్యాద తెలుసని అక్క ఇప్పటికీ అందరికీ చెప్తుంది. రాయదుర్గం ఆసుపత్రిలో నర్సు గుడ్డలో చుట్టిన బిడ్డను తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక మా గుంపును చూసింది. మా నాయన, అవ్వ, నేను, మా వాడు, అందరం చేతులు చాపాం. కూతురు అందరినీ తోసుకుని ముందుకెళ్ళి అందుకుంది. ముఖం దగ్గరికి తెచ్చుకుని పరీక్షగా చూసింది.

"ముక్కు అమ్మది," అంది. తర్వాత నా వైపు జాలిగా చూసి, "చెవులు మాత్రం నాయనవి, పాపం," అంది.

మా వాడు మునివేళ్ళ మీద లేచి చూశాడు. "నాదేముండాది?"

"నీ మాదిరి ఏడుపు మొహం ఉండాది," అంది అక్క. వాడు మహా సంతోషించాడు. ఆ సాయంత్రం బడి స్నేహితులందరికీ పాపకు తన ముఖం వచ్చిందని చెప్పుకున్నాడు.

ఇంటికి వచ్చాక బిడ్డ పనంతా అవ్వదే. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రాసేది. వేడినీళ్ళు చేత్తో చూసి చూసి పోసేది. సాంబ్రాణి పొగ వేసేది. బిడ్డ వీధంతా వినపడేలా ఏడ్చి, ఆ తర్వాత పొద్దుగూకేదాకా నిద్రపోయేది. మా నాయన పక్కనే మంచం మీద కూర్చుని సలహాలిచ్చేవాడు. "మెల్లగమ్మా, అది గొర్రెపిల్ల కాదు." "నీకు తెలిసింది గొర్రెపిల్లలే కదప్పా, గమ్మునుండు." రక్తం లెక్కన చూస్తే ఆ బిడ్డ అవ్వకు ఏమీ కాదు. ఆ లెక్క మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

తోచినది ఒక బంధువుకు. పాపను ఉయ్యాలలో వేసే రోజున ఇంటి ముందు షామియానా వేయించాం. నెలల తరబడి ముఖం చాటేసిన వాన ఆ రోజే వచ్చింది. కొత్త వాన, పెద్ద చుక్కలు. షామియానా గుడ్డ నీళ్ళతో బరువెక్కి ఒక పక్కకు ఒరిగింది. వంటవాళ్ళు గిన్నెలెత్తుకుని లోపలికి పరుగు, చుట్టాలందరూ లోపలికి పరుగు. తిట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ తడిసిన తలలతో, "పాప కాలు మంచిదప్పా, వాన తెచ్చింది," అంటూ ఇరుకు గదుల్లో ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. చేలో విత్తనం వేయడం గురించి మాట్లాడుకుంటున్నారు.

అవ్వ పాపను ఎత్తుకుని ఉయ్యాల దగ్గరికి వచ్చింది. అప్పుడు మా తరఫు ఒక పెద్దాయన, అందరికీ వినపడేలా అడిగాడు.

"అమ్మా, ఈ పాపకు నువ్వు ఏమయితావు?"

తెలియక అడిగాడో, తెలిసే అడిగాడో. అవ్వ చేతుల్లో పాప కదిలింది. ఆమె నోరు తెరిచి, ఏమీ అనలేక మళ్ళీ మూసుకుంది. ఆ నోట మాట రాకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నా భార్య లేవబోయింది. అంతకుముందే మా నాయన గొంతు వినిపించింది.

"ఆయమ్మ ఈ ఇంటి పెద్ద. అది ఉండనీ. ముందు నువ్వు మాకు ఏ వరసో చెప్పప్పా, విందాం."

పెద్దాయన సర్దుకుని కూర్చున్నాడు. "నేనా? నీ పిన్నమ్మ ఉండాది కదా. ఆయమ్మ తోడికోడలి తమ్ముడు..."

"ఊ."

"ఆయన బామ్మర్ది..."

"ఊ, చెప్పు."

"బామ్మర్ది అంటే సొంత బామ్మర్ది కాదు..."

గది మొత్తం పగలబడి నవ్వింది. పెద్దాయన కూడా ఓడిపోయి నవ్వేశాడు. అవ్వ పాపను ఉయ్యాలలో పడుకోబెట్టి, తాడు పట్టుకుని మొదటి ఊపు తానే ఊపింది. పేరు విషయంలో ఇంట్లో తలా ఒకటి చెప్పి చాలా గొడవైంది, చివరకు రాసుకున్న పేరుతో ఎవరూ పిలవరు, అందరూ "చిన్నమ్మి" అనే అంటారు. ఆ సాయంత్రం చుట్టాలు వెళ్ళిపోయాక అవ్వ మా నాయనకు టీ తెచ్చిచ్చింది. ఒక గుక్క తాగి ఆయన ముఖం పెట్టాడు.

"ఇంత చక్కెర ఏందమ్మా?"

"తాగప్పా, ఈ పొద్దుకు తాగు," అంది ఆమె.

ఈ మధ్యనే, చిన్నమ్మికి ఏడాది నిండాక, అందరం కలిసి అవ్వ ఊరికి వెళ్ళాం. అవ్వ తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. జీపు మాట్లాడుకున్నాం. నల్లమాడ దారి పట్టినప్పటి నుంచి అవ్వ కిటికీ వదల్లేదు. ఆ గుట్ట, ఈ మలుపు, అదిగో ఆ వేరుశనగ చేనులో తాను చెనిక్కాయలు పీకింది, అన్నీ పాపకు చూపిస్తూ చెప్తూనే ఉంది.

విందు ఇంటికంటే ముందు అవ్వ తన పాత ఇంటి తాళం తీయించింది. చాలా కాలంగా మూసి ఉన్న ఇల్లు. కూతురు చీపురు పట్టుకుంది, నా భార్య కిటికీలు తెరిచింది. గోడ మీద ఒక ఫొటో. చిన్నగా నవ్వుతున్న మనిషి, దువ్విన జుట్టు. కూతురు ఓణీ కొంగుతో అద్దం తుడిచి, జీపులో తెచ్చుకున్న కనకాంబరం దండ వేసింది. చాలాసేపు అక్కడే నిలబడింది. నాకు ఎక్కడ నిలబడాలో తెలియలేదు. బయటికి పోతే బాగుండదు, దగ్గరికి పోతే ఏమనుకుంటారో. అప్పుడు మా వాడు నా చొక్కా లాగాడు.

"నాయనా, ఈయప్ప మనకేమయితాడు?"

"అక్క వాళ్ళ నాన్న."

వాడు ఫొటో వైపు తిరిగాడు. "అక్క నాది కదా. అట్లయితే నాకూ నాన్నే." అని, ఎవరి అనుమతీ అడక్కుండా, పోయి దండ ఒక పక్కకు ఒరిగితే సరిచేశాడు. కూతురు వాడి తల మీద ఒక్కటి వేసి దగ్గరికి లాక్కుంది. నేనూ వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాను. ఆ మనిషికి మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను.

గృహప్రవేశం ఇంటికి పోయేసరికి అక్కడ అందరూ కంగారుగా ఉన్నారు. భోజనాల బంతికి అరిటాకులు వేశారు గానీ నీళ్ళు లేవు. బోరు మోటరు ఆన్ కావడం లేదట, మేస్త్రీ కదిరి నుంచి రావాలట. అవ్వ గుంపులోకి దూసుకుపోయి నా చెయ్యి పట్టుకుని అందరి ముందుకూ లాగింది.

"మేస్త్రీ ఎందుకప్పా? ఈయప్పను చూడండి. మా ఇంటి మనిషి. మోటరు మీద చెయ్యి పెడితే లేస్తాది. పా నాయనా, చూడు పా."

కొత్త తెల్లచొక్కాలో ఉన్నాను. భార్య వైపు చూస్తే ఆమె నవ్వుతూ భుజాలు ఎగరేసింది. చేలోకి వెళ్ళి స్టార్టరు డబ్బా తెరిచాను. పెద్ద జబ్బేమీ కాదు, లోపల తగులుకునే రాగిముక్కలు మసిబారి కరెంటు అందడం లేదు. గీకి, తుడిచి, ఒక వైరు మార్చి బిగించేసరికి చేతులు, చొక్కా, ముక్కు కూడా నల్లబడ్డాయి. స్విచ్చి వేశాను. పైపు కాసేపు దగ్గి, ఎర్రనీళ్ళు కక్కి, తర్వాత తెల్లగా దూకింది. పిల్లలంతా కేకలు పెడుతూ నీళ్ళ కింద చేరారు. చిన్నమ్మి వాళ్ళక్క చంకలోంచి దిగిపోవడానికి గింజుకుంది.

నేను తిరిగి వచ్చేసరికి మొదటి బంతి లేచిపోయింది. చేతుల మసి సబ్బుతో కడిగినా పోలేదు. అరుగు మీద కూర్చుని ఇంకోసారి రుద్దుకుంటుంటే అవ్వ ఆకులో ఓళిగలు పెట్టుకుని వచ్చింది. బెల్లం పూర్ణం ఇంకా వేడిగా ఉంది, పైన నెయ్యి.

"చేతులు కడుక్కుని వస్తానవ్వా."

"ఆ మసి రేపటికి గానీ పోదు. నోరు తెరువు."

చుట్టూ ఆమె ఊరివాళ్ళు, ఆమె తమ్ముడు, మా నాయన, మా పిల్లలు. నాకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. "అవ్వా, అందరూ చూస్తాండారు."

"చూడనీ," అని ఓళిగ తుంచి నా నోట్లో పెట్టింది. నేను నములుతుండగానే ఇంకో ముక్క తుంచి పట్టుకుని, మింగేదాకా ఆగలేక, మా నాయన వైపు తిరిగి, "చూడప్పా, నీ కొడుకు ఎంత నిదానంగా తింటాడో!" అని ఫిర్యాదు చేసింది.